పదహారో తారీఖు దినవిశేషం

మాలన్ మగ్దూమ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని బోర్‌పేఠలో చెప్పుకుంటారు. ఆ మాట అనేవాళ్లని పిలిచి, ఆవిడకి జరిగింది మీకు జరిగి ఉంటే మీ కోపం ఎక్కడుండేదిరా అని అడగాలి. అడిగేవాడు లేడు కాబట్టి అంటూనే ఉంటారు.

జనవరి పదహారు ఉదయం ఆవిడ తన గిర్నీ, అదే పిండిమర, తాళం తీయబోతూ, అలవాటుగా చౌక్‌లోని నల్లబోర్డు వైపు చూసింది. ఆ బోర్డు గణపతి మండలి వాళ్లది. రేకుల నీడన, పాలబూత్ పక్కనే ఉంటుంది. ప్రతి ఉదయం దాని మీద రంగు సుద్దలతో పైన ఒక మంచి మాట, దాని కింద నేటి పదం, ఆ కింద ‘మీకు తెలుసా?’, అన్నిటికన్నా కింద దినవిశేషం రాస్తారు. పాలకొచ్చినవాళ్లు ఆగి చదువుతారు. పిల్లలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని బడి ప్రార్థనలో గొంతెత్తి అప్పజెపుతారు. ఉద్యోగ పరీక్షలకి చదివే కుర్రాళ్లు ఫోనుతో ఫొటో తీసుకుంటారు. బోర్డు మీద ఉంటే అది జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. బోర్‌పేఠలో లెక్క అది.

ప్రతి ఏడాదీ ఈ రోజున దినవిశేషంలో చివరి వాక్యం ఒకటే. ‘1998: మన చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ఏడుగురు కార్మికుల మరణం. శ్రద్ధాంజలి.’ ఆ ఏడుగురిలో మాలన్ భర్త ఆనందా ఒకడు. పేర్లు రాయరు, చోటు చాలదని. ఏడుగురు అన్న మాటలో ఏడో వంతు తన మనిషిదని మాలన్ సర్దుకుంది. ఆనందా పేరున ఊళ్లో ఇంకేమీ లేదు మరి. ఫ్యాక్టరీ గేటు దగ్గర రాయి పాతుతామన్నారు, పాతలేదు. విచారణ జరుగుతుందన్నారు, అది ఎక్కడ జరుగుతోందో ఆ దేవుడికే తెలియాలి. మిగిలింది ఏడాదికొక్కసారి బోర్డు మీద సుద్దతో రాసే ఈ వాక్యం, మర్నాడు తడిగుడ్డతో తుడిచేసేది. ఈ రోజున ఆవిడ గిర్నీ ఆలస్యంగా తెరుస్తుంది. బోర్డు ముందు కాసేపు నిలబడుతుంది. చదివేవాళ్లు ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదపడం చూస్తుంది. అంతే, అదే ఆవిడ తద్దినం.

ఈ ఏడాది ఆ చోట వేరే వాక్యం ఉంది. ‘నేడు మన ప్రియతమ ఫ్యాక్టరీ ఛైర్మన్ సాహెబ్ జన్మదినం. శతమానం భవతి.’ చుట్టూ పసుపు సుద్దతో పూలు కూడా వేశారు.

మాలన్ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. ఎక్కడో ఏ దేశంలోనో ఏదో వంతెన తెరిచిన సంగతి ఉంది. ఎవరో శాస్త్రవేత్త పోయిన సంగతి ఉంది. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని ఉంది. ఆనందా మాత్రం లేడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. బోర్డు రాసినవాడు పరాయివాడైతే అక్కడికక్కడే చొక్కా పట్టుకుని ఉండేది. కానీ ఆ గుండ్రటి అక్షరాలు, ఆ పసుపు పూలు ఎవరివో ఊరందరికీ తెలుసు. పదకొండేళ్లుగా ఆ బోర్డు రాస్తున్నది ఆవిడ కొడుకు సుహాస్.

ఇంటికి వెళ్లేసరికి సుహాస్ జొన్నరొట్టె తుంచుకుని పచ్చికారంలో అద్దుకుంటున్నాడు. కోడలు వైజయంతి పొయ్యి దగ్గర ఇంకో రొట్టె తడుతోంది. అత్తగారి నడక చూసి ఆ తట్టడం ఆపింది.

"ఏరా, ఇవాళ తారీఖు ఎంత?" అంది మాలన్ గుమ్మంలోనే.

సుహాస్ తల ఎత్తలేదు. "ఆయీ, ముందు కూర్చో. చెప్తాను."

"కూర్చోవడానికి రాలేదు. తారీఖు చెప్పు."

"పదహారు."

"పదహారున ఏం జరిగింది?"

"నాకు తెలీదా ఏంటి?"

"నీకు తెలుసు. బోర్డుకే తెలీదు! ఆక్టోపస్‌కి మూడు గుండెలని రాశావు కదరా, నీకు ఒక్కటైనా ఉందా? కన్నతండ్రిని చెరిపేసి ఆ చోట పూలు గీస్తావా?"

"చెరపలేదు ఆయీ. మార్చాం, అంతే." సుహాస్ రొట్టె పళ్లెంలో పెట్టాడు. ఈ మాట ముందే తయారుచేసి పెట్టుకున్నాడని మాలన్‌కి అర్థమైంది. "మండలి చౌగులే అన్నా ఏమన్నాడంటే, పోయినవాళ్లని తారీఖు ప్రకారం కాదు, తిథి ప్రకారం తలుచుకోవాలట. మనం ఇంట్లో బాబాకి పిండం తిథికే కదా పెడతాం? పుష్య బహుళ చవితి. ఈసారి అది ఇరవైతొమ్మిదిన వస్తుంది. ఆ రోజు రాస్తాను. తారీఖుకి పుట్టినరోజులు, తిథికి పుణ్యతిథులు. రెండూ కలవకుండా ఉంటే అందరికీ మర్యాద."

మాలన్ నవ్వింది. ఆ నవ్వు చూసి వైజయంతి పెనం మీద రొట్టె తిప్పడం మరిచిపోయింది, అది మాడింది.

"చౌగులే ఎప్పట్నుంచి పంచాంగం చూస్తున్నాడ్రా? వాడి సొంత పెళ్లిరోజే వాడికి గుర్తుండదు, వాళ్లావిడ ప్రతి ఏడూ నా గిర్నీకొచ్చి ఏడుస్తుంది. ఈ తిథులూ వారాలూ వాడి బుర్రలోవి కావు. మండలికి కొత్త మంటపం కట్టిస్తానన్నవాడి బుర్రలోవి."

"మంటపం సంగతి వేరు."

"మరి నీ ఆర్డరు సంగతి?"

సుహాస్ ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరకు బళ్లు తూచే పనిలో తొమ్మిదేళ్లుగా తాత్కాలికంగానే ఉన్నాడు. ఈ సీజన్‌లో పర్మనెంట్ చేస్తారని, కాగితం ఛైర్మన్ బల్ల మీద ఉందని దీపావళి నుంచి ఇంట్లో అదే మాట.

"ఆ సంతకం పడితే చాలు ఆయీ," అంది వైజయంతి మెల్లగా. "తర్వాత ఏం రాసినా అడిగేవాడుండడు."

"నువ్వు రొట్టె చూసుకో తల్లీ, మాడుతోంది," అంది మాలన్. కోడలి మీద ఆవిడకి కోపం లేదు. ఆ పిల్లకి ఆనందా అంటే గోడ మీద ఫొటో. కొడుక్కి మాత్రం అలా కాదు కదా. నాలుగేళ్లవాడు ఆ రోజు తండ్రి టిఫిన్ డబ్బా పట్టుకుని, "బాబా అన్నం మర్చిపోయాడు" అని గేటు దాకా పరుగెత్తినవాడు.

నిజానికి ఆనందా అన్నం మర్చిపోయేంత కంగారులో ఎందుకున్నాడో సుహాస్‌కి తెలియదా? ముందురోజు ఇంటికొచ్చి, బాయిలర్ ఒక పక్క ఈల వేస్తోందనీ, ఫోర్‌మన్‌కి చెప్తే సీజన్ మధ్యలో మంట ఆపితే చెరకంతా ఎండిపోతుందని కసిరాడనీ ఆనందా చెప్పాడు. వెళ్లొద్దని మాలన్ అంది. "పెద్దాయనే ఆపొద్దన్నాడట, నేనేం చేసేది" అని వెళ్లాడు. ఆ పెద్దాయన అప్పటి ఛైర్మన్. ఇప్పటి ఛైర్మన్ ఆయన కొడుకు. పుట్టినరోజు నాడే అలా జరిగిందని పాపం ఆ అబ్బాయికి అప్పట్లో కేకు కోయలేదట. ఊళ్లో కొందరు ఆ సంగతి జాలిగా చెప్పుకుంటారు. జాలి ఎటు పారుతుందో చూడండి, నీళ్లకన్నా వింతగా.

"సరే," అంది మాలన్. "తిథి అన్నావుగా. తిథి దాకా ఆగుతాను. ఆ రోజు బోర్డు మీద లేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

ఆగడం ఆవిడకి చేతకాని పని. అయినా ఆగింది. ఆ రోజుల్లో గిర్నీలో పట్టిన పిండి బాగా మెత్తగా వచ్చిందని ఆడవాళ్లు అన్నారు. మాట్లాడాల్సిన కోపమంతా రాళ్ల మధ్య పోసి తిప్పుతుంటే మెత్తగా రాక ఏమవుతుంది?

హవుసాబాయి జొన్నలు తెచ్చింది ఒకరోజు. ఆవిడ మొగుడూ ఆ ఏడుగురిలో వాడే. డబ్బా తూకం దగ్గర పెట్టి, అటూ ఇటూ చూసి అంది. "బోర్డు మీద రాయలేదట కదా ఈసారి."

"నువ్వు చూళ్లేదా?"

"నేను చదవలేను కదే. ఎప్పుడూ మీ సుహాసే చదివి వినిపించేవాడు. ఈసారి నన్ను చూసి పక్క సందులోకి పోయాడు." హవుసాబాయి జొన్నల్లో ఒక రాయి ఏరి అవతల పారేసింది. "పోన్లే, పిల్లాడు. వాడికీ ఇల్లూ వాకిలీ ఉండాలి."

"నీకు కోపం రాదా?"

"వస్తుంది. వచ్చి ఎక్కడికి పోతుంది? మళ్లీ నా దగ్గరికే కదా."

మాలన్ మర పట్టా సరిచేసి స్విచ్చి వేసింది. హవుసాబాయి ఇంకేదో అంది కానీ ఆ మోతలో వినపడలేదు.

చవితి వచ్చింది. ఉదయం చౌక్‌లో రద్దీగా ఉంది. బహుళ చవితి అంటే సంకష్టి. గణపతి మండలికి అది పండగలాంటి రోజు. జనం గరిక, మందారాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మాలన్ ఆ వరస పక్కనుంచి బోర్డు దగ్గరికి వెళ్లింది.

పైన మంచి మాట: కోపం మనిషికి శత్రువు. నేటి పదం: సంకటం, అంటే ఆపద. మీకు తెలుసా: తేనె ఏళ్ల తరబడి పాడవదు. దినవిశేషం: ఈ రోజు సంకష్టి చతుర్థి, చంద్రోదయం ఇన్ని గంటలకి. దాని పక్కన గణపతి బొమ్మ, తొండం వంపుతో సహా చక్కగా. కింద ఖాళీగానే ఉంది. చోటు లేక కాదు మరి, ఏడుగురి కోసం ఒక జానెడు మిగిలే ఉంది.

చౌగులే అన్నా వరసలో ఉన్నవాళ్లకి ప్రసాదం పంచుతూ ఆవిడని చూశాడు. మండలి అధ్యక్షుడు. మెడలో కాషాయం కండువా. మాలన్ అడగకముందే అందుకున్నాడు. "వహినీ, ఇవాళ సంకష్టి. దేవుడి రోజున చావు కబురు రాస్తే బాగుంటుందా చెప్పండి? జనానికి అపశకునం. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు చవితికి సంకష్టి రాదా?"

చౌగులే తర్వాతివాడి చేతిలో ప్రసాదం పెట్టాడు. బహుళ చవితి ఎప్పుడు వచ్చినా సంకష్టే. ఎన్నేళ్లైనా అంతే. ఆ సంగతి చౌగులేకి తట్టలేదని అనుకోవడానికి మాలన్ అంత పిచ్చిది కాదు. తారీఖున పుట్టినరోజు అడ్డు, తిథిన దేవుడు అడ్డు. ఆనందా చచ్చిపోవడానికి క్యాలెండర్‌లో రోజే లేకుండా చేశారు.

ఇంటికి వెళ్లింది. సుహాస్ డాబా మీద ఉన్నాడు. స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, అరిటాకులో అన్నం ముద్ద, దాని మీద పెరుగు, నువ్వులు పెట్టి పిట్టగోడ మీద ఉంచాడు. కాకి కోసం చూస్తున్నాడు. పిండం కాకి ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో బాధ ఉన్నట్టు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఆ బాధ తీరుస్తామని గట్టిగా మాటిస్తారు, మాటిస్తేనే కాకి వస్తుందంటారు.

మాలన్ మెట్లెక్కి, చేతులు కట్టుకుని నిలబడింది. కాకి రాకూడదని మనసారా కోరుకుంది. ఆకలితో ఉన్న మొగుడి నోటి ముందు నుంచి కూడు లాగేయమని కోరుకోవడం పాపమే. అయినా కోరుకుంది. కాకి రాకూడదు, వీడు ఎండలో నిలబడాలి, బోర్డు మీద రాస్తాను బాబా అని ఊరంతా వినేలా మాటివ్వాలి.

కాకి వచ్చింది. ముద్ద పెట్టి ఎంతో సేపు కాకుండానే పక్కింటి యాంటెనా మీంచి దిగి, తల పక్కకి వంచి చూసి, గబగబా తినేసింది. ఇంకోటి కూడా వచ్చింది.

సుహాస్ ముఖం వెలిగిపోయింది. "చూశావా ఆయీ? బాబాకి ఏ బాధా లేదు. ఆయనకి మన మీద కోపం లేదు."

మాలన్‌కి ఒక్క క్షణం ఆ చచ్చినవాడి మీద కూడా పట్టలేని కోపం వచ్చింది.

"మీ బాబాకి ఎవరి మీదా కోపం ఉండేది కాదురా. ఆ బుద్ధి ఉన్నవాడు కాబట్టే ఈల వేస్తున్న బాయిలర్ దగ్గరికి తల వంచుకుని వెళ్లాడు. అంత పెరుగన్నం పెడితే అన్నీ మర్చిపోతాడు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. వాడు క్షమించాడు, సరే. నేను కాకిని కాను."

మెట్లు దిగి చౌక్‌లోకి నడిచింది. సుహాస్ వెనకాల పరుగెత్తాడు, పంచె కాళ్లకి అడ్డం పడుతుంటే. ఆవిడ బోర్డు దగ్గరి డబ్బాలోంచి తెల్ల సుద్ద తీసి, దినవిశేషం కింద మిగిలిన జానెడు చోట రాయడం మొదలుపెట్టింది. ఏడో తరగతి దాకా చదివిన చేయి. అక్షరాలు పెద్దగా, వంకరగా వచ్చాయి. ‘1998: బాయిలర్ పేలి ఏడుగురు మరణం.’ గణపతి వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. ఎవరో పైకి చదివారు కూడా.

చౌగులే ప్రసాదం పళ్లెం పక్కన పెట్టేశాడు. "సుహాస్! పది గంటలకి సాహెబ్ హారతికి వస్తున్నారు. ఇదేంటి? తుడిచెయ్ ముందు."

సుహాస్ తల్లి వైపు చూశాడు, చౌగులే వైపు చూశాడు. "ఆయీ, నువ్వే తుడిచెయ్. నా చేత చేయించకు."

"నేను రాసింది నిజం. నిజాన్ని నేనెందుకు తుడుస్తాను?"

"సుహాస్, నీ కాగితం ఇవాళే సంతకమవుతుందని చెప్పానా లేదా?" అన్నాడు చౌగులే.

సుహాస్ బకెట్‌లోంచి తడిగుడ్డ తీశాడు. పిండను కూడా లేదు. నీళ్లు కారుతుండగానే బోర్డుకి ఆనించి ఎడమనుంచి కుడికి ఒక్కసారి లాగాడు. ఏడుగురూ పోయారు. చేతికి ఇంకా పిండం నువ్వులు అంటుకునే ఉన్నాయి.

చౌక్‌లో కొందరు ఫోన్లలోకి తలలు దించుకున్నారు.

మాలన్ అరవలేదు. చేతిలోని సుద్దముక్క కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇప్పుడు రాయి. నీ దస్తూరీ బాగుంటుంది కదా, నువ్వే రాయి. ఈ రోజున బోర్‌పేఠ చౌక్‌లో, పిండం పెట్టిన చేత్తోనే కొడుకు తండ్రిని తుడిచేశాడు. ఇది దినవిశేషం కాదూ? ఏటా గుర్తు పెట్టుకుని రాయి. తారీఖు ప్రకారం రాస్తావో, తిథి ప్రకారం రాస్తావో నీ ఇష్టం."

సుద్ద పట్టుకుని సుహాస్ అలాగే ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఆ నీళ్లు చూసింది. చూసి కూడా తిరిగి గిర్నీకి వెళ్లిపోయింది.

పది గంటలకి ఛైర్మన్ కారు వచ్చింది. ఆయన మర్యాదస్థుడు. చెప్పులు విప్పి, హారతి తీసుకుని, అందరినీ పలకరించాడు. బోర్డు ముందు ఆగి చదివి, కింద ఉన్న తడి చారను చూశాడు.

"ఏం సుహాస్, ఈ చోటు ఖాళీగా ఉంచావు? ఇవాళ ఇంకేం విశేషం లేదా?"

గిర్నీ గుమ్మంలోంచి మాలన్ కొడుకు వైపే చూస్తోంది. ఇంకా ఆశ ఉంది ఆవిడకి, అది తల్లుల తెలివితక్కువతనం.

"లేదు సాహెబ్," అన్నాడు సుహాస్. "ఇవాళ ఏమీ లేదు."

మాలన్ లోపలికి వెళ్లింది. తలుపులకి వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా, కుంచె తీసుకుని బయటికొచ్చింది. చౌక్ వైపున్న గిర్నీ గోడ మీద ‘గోధుమ, జొన్న పట్టబడును’ అన్న అక్షరాల పైన తలుపంత జాగా ఖాళీగా ఉంది. స్టూలు ఎక్కి రాయడం మొదలుపెట్టింది. ఈసారి ఏడుగురు అని రాయలేదు. ఆనందా మగ్దూమ్ అని రాసింది. దాని కింద హవుసాబాయి మొగుడి పేరు రాసింది. తర్వాతి పేరు దగ్గరికి వచ్చేసరికి సుహాస్ రోడ్డు దాటి స్టూలు కిందకి వచ్చాడు.

"ఆయీ, దిగు. నీ కాళ్లు పట్టుకుంటాను. సాహెబ్ చూస్తున్నారు. ఇది సుద్ద కూడా కాదు, రేపు తుడవడానికి రాదు."

"అందుకే," అంది మాలన్, కుంచె రంగులో ముంచుతూ. "ఏడాదికి ఒక్కరోజు అడిగితే ఇవ్వలేదు మీరు. ఇక నుంచి రోజూ తీసుకుంటాను. పక్కకి జరుగు, నీ తెల్ల పంచె మీద పడుతుంది."